ఫ్లెక్సీ త్వరగా ఆరాలంటే వేడి కాదండీ, గాలి కావాలి

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ ప్రింటింగ్ షాపుల వాళ్లవే, అదీ మన గోదావరి జిల్లాల నుంచే. వానలు మొదలయ్యాయి కదా, ప్రింట్లు ఆరట్లేదు, అందరి బాధా ఒకటే. అందుకే ఈసారి కాలమ్ మొత్తం సాల్వెంట్ ఇంకు ఆరబెట్టడం మీదే పెడుతున్నాను.

ప్రశ్న: మాది ఒకటే మిషన్ ఉన్న చిన్న షాపు సార్. వానాకాలంలో ఫ్లెక్సీలు ఆరవు, చుట్టి ఇచ్చేస్తే కస్టమర్ విప్పేసరికి అంటుకుపోయి ముఖాల మీద రంగు లేచిపోతోంది. వెనకాల చిన్న గది కట్టి తలుపేసి లోపల రెండు రూమ్ హీటర్లు పెట్టి అందులో వేలాడదీద్దాం అని మా బావమరిది అంటున్నాడు. తక్కువ ఖర్చులో మనమే చేసుకునే పద్ధతి చెప్పండి. (పాలకొల్లు)

జవాబు: ముందు ఆ గది ఆలోచన మానేయండి సార్, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. మన ఫ్లెక్స్ మిషన్లలో పోసే సాల్వెంట్ ఇంకులో రంగు కొంచెం, దాన్ని పట్టి ఉంచే రెజిన్ కొంచెం, మిగతాదంతా దాదాపు సాల్వెంటే, అంటే వాటిని పల్చగా ఉంచి తర్వాత ఆవిరైపోయే ద్రవం. సైక్లోహెక్సనోన్, బ్యూటైల్ గ్లైకాల్ ఎసిటేట్ లాంటివి ఉంటాయి అందులో. సైక్లోహెక్సనోన్ ఫ్లాష్ పాయింట్ 44 డిగ్రీలు, అంటే ఆ వేడికి దాని మీద లేచే ఆవిరి అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. మూసిన గది, లోపల పచ్చి ప్రింట్లు, ఎర్రగా కాలుతున్న హీటర్ కాయిలు, ఇంక చెప్పాలా. హెయిర్ డ్రయ్యరూ, హీట్ గన్నూ కూడా వద్దు, వాటిల్లో కాలే కాయిల్ ఉంటుంది, చాలా వాటి మోటార్లలో కార్బన్ బ్రష్‌లు తిరిగేటప్పుడే రవ్వలు వేస్తాయి. పైగా ఫ్లెక్సీ అంటే పీవీసీ ప్లాస్టిక్కే కదా, వేడి ఎక్కువైతే మెత్తబడి సాగుతుంది, అలా సాగింది మళ్లీ సరిగ్గా రాదు.

అసలు ఆరడం ఎలా జరుగుతుందో తెలిస్తే ఖర్చు అదే తగ్గుతుంది. సైక్లోహెక్సనోన్ మరిగేది 155 డిగ్రీల దగ్గర, కానీ బట్టలారడానికి నీళ్లు మరగక్కర్లేదు కదా, ఇదీ అంతే. ప్రింటు మీద నుంచి లేచిన ఆవిరి అక్కడే, ఆ షీటుని ఆనుకుని పల్చటి పొరలా నిలబడిపోతుంది, అది కదలకపోతే కింద ఉన్న సాల్వెంట్ లేవదు. ఆ పొరని ఊడ్చేసేది గాలి. కొంచెం గోరువెచ్చగా ఉంటే ఇంకా మంచిదే, కాని గాలి లేకుండా ఎంత వేడి ఇచ్చినా సగం పనే అవుతుంది. అందరూ "తేమండీ, తేమ వల్ల ఆరట్లేదు" అంటారు, నిజానికి గాలిలో ఉన్నది నీటి తేమ, ఇంకులోంచి పోవాల్సింది సాల్వెంట్, ఒకటి ఎక్కువైతే రెండోది ఆగిపోవాలని లేదు. వానాకాలంలో మనల్ని ముంచేది ఏంటంటే జల్లు కొడుతోందని షట్టర్లు సగం దించేస్తాం, కిటికీలు మూసేస్తాం, దాంతో ఆవిరి అంతా షాపులోనే తిరుగుతుంది. చల్లగా ఉన్న గోడౌన్ నుంచి రోల్ తెచ్చి వెంటనే మిషన్‌కి ఎక్కించినా ఇబ్బందే, దాని మీద కంటికి కనపడని చెమ్మ పట్టి ఇంకు సరిగ్గా కరవదు. ముందు రోజే రోల్ మిషన్ గదిలోకి తెచ్చి పెట్టుకోండి.

ఇప్పుడు చేసుకునే పద్ధతి. పది అడుగుల వెడల్పు ఫ్లెక్సీలకి అయితే పైన రేకులకి కొంచెం కిందగా ఇనుప (జీఐ) పైపులు అడ్డంగా, అడుగున్నర అడుగున్నర దూరంలో కట్టించండి. ప్రింటు వైపు పైకి ఉండేలా ఫ్లెక్సీని పైపుల మీదుగా వేస్తూ మధ్యలో ఉయ్యాలలా కిందికి వదులుతూ పోవాలి, అప్పుడు పైపుకి తగిలేది వెనక వైపే, రంగు దేనికీ తగలదు. రెండు మడతలు ఒకదానికొకటి ఆనకుండా చూసుకోండి. ఒక పక్క నుంచి పెడెస్టల్ ఫ్యాన్ పెట్టి ఆ సందుల్లోంచి గాలి దూరి అవతలికి పోయేలా తిప్పండి, షీటు మీదకి సూటిగా కొట్టించకండి, సందుల వెంట పోనివ్వండి.

వినైల్ (స్టిక్కర్లకి వాడే, వెనక గమ్ము ఉన్న ప్లాస్టిక్ షీటు), చిన్న సైజు రోల్స్‌కి ఇంకో పద్ధతి ఉంది, మన ఏరియాలో దీనికి సామాను దొరకడం తేలిక. రొయ్యలు ఎత్తే జల్లి క్రేట్లు ఉంటాయి కదా, బాగా కడిగింది ఒకటి తీసుకోండి. 12 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ని చెక్క ఫ్రేములో పడుకోబెట్టి గాలి పైకి వచ్చేలా బిగించి, కింద నాలుగు మూలలా ఇటుకలు పెట్టి ఎత్తు చేయండి, లేకపోతే ఫ్యాన్‌కి లాక్కోవడానికి గాలి ఉండదు. ఫ్యాన్ మీద క్రేటు బోర్లించి, దాని మీద ప్రింటు రోల్‌ని నిలువుగా నిలబెట్టండి. రోల్ వదులుగా ఉండాలి, చుట్టకీ చుట్టకీ మధ్య వేలు దూరాలి, పడిపోకుండా పైన ఒక తాడుతో గోడకి ఆపండి. కింద నుంచి గాలి చుట్టల మధ్యలోంచి పైకి పోతుంటే రోల్ మొత్తం ఆరుతుంది. బిగుతుగా చుట్టిన రోల్‌ని రాత్రంతా పెట్టినా బయట రెండు చుట్టలు తప్ప లోపల అలాగే పచ్చిగా ఉంటుంది. మామూలు సీలింగ్, టేబుల్, ఎగ్జాస్ట్ ఫ్యాన్లలో బ్రష్‌లు ఉండవు కాబట్టి తిరిగేటప్పుడు రవ్వ రాదు, కాని స్విచ్చీ రెగ్యులేటరూ మాత్రం ప్రింట్ల పక్కన కాకుండా దూరంగా పెట్టించండి.

ఇంకొక్కటి, ఇది చాలా షాపుల్లో తప్పుగా ఉంటుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ అందరూ పైన, వంటింట్లో పెట్టినట్టు పెడతారు. పొగ పైకి పోతుంది, సాల్వెంట్ ఆవిరి పైకి పోదు. సైక్లోహెక్సనోన్ ఆవిరి గాలి కన్నా మూడు రెట్లు పైనే బరువు, కిందికి దిగి నేల మీద పాకుతుంది. ఎగ్జాస్ట్ మోకాలి ఎత్తులో పెట్టి దానికి ఎదురుగోడకి, కొంచెం పైగా, గాలి లోపలికి వచ్చే దారి వదలండి. ఉన్న ఫ్యాన్‌నే ఊడదీసి కిందికి మార్పించుకోండి, మేస్త్రీ కూలి తప్ప వేరే ఖర్చు లేదు.

ప్రశ్న: ఫ్యాన్ పెడితే ప్రింటులో గీతలొస్తున్నాయి, హెడ్ ఊరికే బ్లాక్ అవుతోంది. తీసేస్తే ఆరట్లేదు. ఏం చేయమంటారు? (తణుకు)

జవాబు: ఫ్యాన్ హెడ్ వైపు, అంటే ఇంకు చిమ్మే భాగం వైపు చూస్తున్నట్టుంది. ఆరబెట్టే గాలి హెడ్‌లోని సన్నటి రంధ్రాల్ని (నాజిల్‌ని) కూడా ఆరబెడుతుంది కదండీ, అందుకే బ్లాక్ అవుతోంది. హెడ్‌లోంచి పడే చుక్క చాలా సన్నం, గాలి కొడితే అది పడాల్సిన చోట పడదు, గీతలు దానివల్లే. షీటు లేచి హెడ్‌కి తగిలినా తగలొచ్చు, అప్పుడు హెడ్డే పోతుంది. ఫ్యాన్‌ని మిషన్ ముందు, కిందగా, ప్రింటు అయిపోయి కిందికి దిగే షీటు మీదకే వాలుగా గాలి పోయేలా పెట్టండి. ప్లాటెన్ (హెడ్ కింద షీటు ఆనే బల్ల) మీదకి గాలి వెళ్తోందో లేదో తెలియాలంటే హెడ్ దగ్గర ఒక సన్నటి టిష్యూ ముక్క పట్టుకోండి, అది ఊగకూడదు.

ప్రశ్న: ఇంకులో కొంచెం థిన్నర్ గానీ ఎసిటోన్ గానీ కలిపితే త్వరగా ఆరుతుందంట కదా, మా పక్క షాపు ఆపరేటర్ చెప్పాడు. ఎంత కలపాలి? (రావులపాలెం)

జవాబు: అస్సలు కలపకండి. ఎసిటోన్ ఫ్లాష్ పాయింట్ సున్నాకి 20 డిగ్రీలు కింద, అంటే మన ఊళ్లో ఏ కాలంలో అయినా అది అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది. హెడ్ పనిచేసేది ఇంకు చిక్కదనం లెక్క మీద, అది పల్చబడితే చుక్క సరిగ్గా తెగదు, చిందుతుంది, ఎసిటోన్ హెడ్ లోపల అంటించిన గమ్ముని కూడా తినేస్తుంది. ఆరే టైము కాసేపు మిగుల్చుకుందామని వేలు, లక్షలు పెట్టే హెడ్‌ని పణంగా పెట్టడం అన్యాయం. ప్రింటు మీద టాల్కమ్ పౌడర్ చల్లడం కూడా కొన్నిచోట్ల చూస్తుంటాం, అది అంటుకోవడాన్ని కప్పెడుతుంది తప్ప ఆరబెట్టదు, రంగు మసకబారుతుంది, దాని మీద ల్యామినేషన్ (పైన అంటించే పల్చటి ప్లాస్టిక్ పొర) పట్టదు.

ప్రశ్న: పుట్టినరోజు ఫ్లెక్సీలు, నల్ల బ్యాక్‌గ్రౌండ్ ఉన్నవి మాత్రమే ఆరట్లేదు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌వి బానే ఉంటున్నాయి. ఇంకు తేడానా? (రాజమండ్రి)

జవాబు: ఇంకు తేడా కాదు, డిజైన్ తేడా. మీ ప్రశ్న చాలా మంచి ప్రశ్న, ఎందుకంటే ఆరబెట్టే పని సగం డీటీపీ దగ్గరే, అంటే కంప్యూటర్‌లో డిజైన్ చేసేటప్పుడే అయిపోవాలి. డిజైనర్ ఫొటోషాప్‌లో నలుపు ఎంచుకుంటే అది చాలాసార్లు నాలుగు రంగులూ కలిపిన నలుపుగా పోతుంది, నాలుగూ నూరు నూరు అనుకుంటే 400 శాతం ఇంకు ఒకే చోట పోసినట్టు. అంత ఇంకు ఏ ఫ్యాన్ కిందా తొందరగా ఆరదు. బ్లాక్ 100 పెట్టి, నలుపు నిండుగా కనపడాలంటే సయాన్ (నీలం ఇంకు) ఒక 30 నుంచి 40 వరకు కలపండి చాలు, రోడ్డు మీద నిలబడి చూసేవాడికి తేడా తెలియదు. డిజైన్‌ని మిషన్‌కి పంపే రిప్ సాఫ్ట్‌వేర్‌లో ఇంక్ లిమిట్ అని ఉంటుంది, మీ మీడియాకి (ప్రింటు వేసే షీటుకి) సరిపోయేలా తగ్గించి చిన్న ముక్క టెస్ట్ ప్రింట్ తీసి చూడండి, రంగు చచ్చిపోనంత వరకు దించుకుంటూ రావచ్చు. ఇంకు తగ్గితే ఖర్చూ తగ్గుతుంది, అది ఎవరికి చేదు. పాస్‌లు (ఒకే చోట మీద హెడ్ తిరిగే సార్లు) పెంచడం కూడా పనిచేస్తుంది, ఒకే ఇంకు ఎక్కువ పొరలుగా పడుతుంది, పొరకీ పొరకీ మధ్య కాస్త ఆరే టైము దొరుకుతుంది, స్పీడు తగ్గుతుందని బెంగపడతారు గానీ అంటుకుపోయిన ఫ్లెక్సీ మళ్లీ వేసేకంటే నయం.

మిషన్ హీటర్లు కూడా ఒకసారి చూసుకోండి. వెనక, మధ్య, ముందు మూడు చోట్ల ఉంటాయి చాలా మిషన్లకి, వాటిలో ఒకటి పోయి నెలలైనా కరెంటు బిల్లు తగ్గిందనే అనుకుంటారు తప్ప చూడరు. మామూలుగా మధ్యది 35 నుంచి 45 డిగ్రీలు, ముందుది 50 దరిదాపుల్లో పెడతారు, మీ మీడియా కంపెనీ వాడు చెప్పిన లెక్క ఉంటే అదే పాటించండి. ఉంగరాలు తిరుగుతుంటే వేడి ఎక్కువైనట్టు.

నల్ల ఫ్లెక్సీని మేడ మీద ఎండలో పరిచేవాళ్లకి కూడా ఇదే చెప్తున్నాను, నలుపు ఎండని లాక్కుని మాడుతుంది, పచ్చి ఇంకు మీద దుమ్ము పడితే పోదు. నీడలో తాడు మీద వేలాడదీయండి. కోనసీమ వైపు మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి తిరుగుతుంది కదా, ఆ గాలికి మేడ మీద షెడ్డు కింద వేలాడిన ఫ్లెక్సీ ఫ్యాన్ అవసరం లేకుండానే ఆరిపోతుంది.

ప్రశ్న: మేము రొయ్యల మేత కంపెనీల వ్యాన్లకి స్టిక్కర్లు వేస్తాం. ప్రింటు తీసిన నాలుగైదు గంటలకి ముట్టుకుంటే చేతికి అంటట్లేదు, అప్పుడే ల్యామినేషన్ చేస్తున్నాం. వారం తిరక్కుండా అంచులు లేస్తున్నాయి, లోపల బుడగలు. వినైల్ నాసిరకమా? (భీమవరం)

జవాబు: వినైల్‌ని తిట్టకండి. కళ్లంలో ధాన్యం ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా, పైన గింజ పట్టుకుంటే గలగలలాడుతుంది, మిషన్ పెడితే తేమ 17 శాతం దాటి చూపించి బస్తా వెనక్కి వస్తుంది. ప్రింటూ అంతే, పైన ఆరింది, లోపల ఆరలేదు. సాల్వెంట్ ఇంకు వినైల్ మీద కూర్చోదు, దాన్ని కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది, అందుకే అంత గట్టిగా పట్టుకుంటుంది. లోపలికి దిగిన సాల్వెంట్ బయటికి రావడానికి గంటలు పడుతుంది. మీరు ల్యామినేషన్ వేసేసి దాని దారి మూసేస్తే అది కిందికి, వినైల్ వెనక ఉన్న గమ్ములోకి పోతుంది. గమ్ము మెత్తబడుతుంది, వినైల్ ముడుచుకుంటుంది, అంచులు లేస్తాయి. వ్యాన్ ఎండలో నిలబడిందంటే ఇంకా తొందరగా.

వినైల్ కంపెనీలు ల్యామినేషన్‌కి ముందు కనీసం 24 గంటలు అంటాయి, అది విప్పి వదులుగా పెట్టి గాలి తగిలితే. బిగుతుగా చుట్టి మూల పడేస్తే ఆ 24 గంటలకి లెక్క లేదు. ముదురు రంగులు నిండా పడిన వాటికి రెండు రోజులు ఇవ్వండి, వానాకాలంలో తొందరపడొద్దు. క్రేటు పద్ధతి పైన పాలకొల్లు వారికి చెప్పాను, మీకు అదే బాగా పనికొస్తుంది. ఆరిందో లేదో చూసుకోవడానికి చిన్న ఉపాయం, ఎక్కువ ఇంకు పడిన చోట నుంచి వేస్ట్ ముక్క ఒకటి కోసి జిప్ కవర్లో వేసి గాలి లేకుండా మూసి గంట ఆగి తెరిచి వాసన చూడండి, ఘాటు కొడితే ఇంకా ఉందన్నమాట. ముక్కు ఆనించి పీల్చేయకండి, కవరు తెరిచి దూరం నుంచి చేత్తో విసురుకుంటే తెలుస్తుంది.

కస్టమర్ ఇవాళ సాయంత్రానికే కావాలంటే నిజం చెప్పేయండి, ల్యామినేషన్ లేకుండా ఇస్తాను లేదా ఎల్లుండి ఇస్తాను అని. అంచులు లేచాక వచ్చే మాట కంటే ఇదే మర్యాద.

ప్రశ్న: మేము పూతరేకులు చేసి బాక్సుల్లో పంపిస్తాం. కొత్తగా వేయించిన స్టిక్కర్లు అంటించాక బాక్సు తెరిస్తే పెయింటు వాసన వస్తోందని హైదరాబాద్ కస్టమర్ వెనక్కి పంపాడు. స్టిక్కర్లు త్వరగా ఆరబెట్టుకునే చిట్కా చెప్పండి. (ఆత్రేయపురం)

జవాబు: అమ్మా, మీకు ఆరబెట్టే చిట్కా చెప్పను, స్టిక్కరే మార్చమంటాను. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, ఆ పేరు మీద వచ్చే వాసన నెయ్యిదీ బెల్లానిదీ అవ్వాలి గానీ సాల్వెంట్‌ది కాకూడదు. నెయ్యి లాంటి కొవ్వు పక్కన ఉన్న వాసనని ఇట్టే పట్టేస్తుంది, రేకు కాగితం కన్నా పల్చన, ఇంక అడ్డేముంది. మీకు వేసిచ్చింది ఫ్లెక్సీ మిషన్ మీద వేసిన వినైల్ అయి ఉంటుంది. అది బోర్డులకీ బండ్లకీ గానీ తినేవాటి బాక్సులకి కాదు. తిండి ప్యాకింగ్ మీద వాడే ఇంకులకి ఐఎస్ 15495 అని విడిగా భారతీయ ప్రమాణం ఉంది, లేబుల్ ప్రింటర్‌ని ఆ ఇంకుతోనే వేస్తారా అని అడిగి వేయించుకోండి. ఇప్పటికే అంటించేసిన బాక్సుల్లో సరుకు పెట్టకండి, ఎంత ఆరబెట్టినా అట్ట పీల్చుకున్న వాసన పూర్తిగా పోతుందన్న భరోసా లేదు. మిగిలిన స్టిక్కర్లు కొట్టు అద్దం మీద అంటించుకోండి.

ప్రశ్న: మా ఆయన ఫ్లెక్స్ ఆపరేటర్ అండి. రోజూ తలనొప్పి, కళ్లు మంటలు అంటున్నారు. మాస్కు పెట్టుకుంటున్నారు, అయినా తగ్గట్లేదు. షాపు గదిలోనే రాత్రిళ్లు పడుకుంటారు, సీజన్లో. (అమలాపురం)

జవాబు: ఈ ఉత్తరం నన్ను చాలా కలవరపెట్టిందమ్మా, ఓనర్లందరూ కూడా చదవాలని చివర్లో పెట్టాను. గుడ్డ మాస్కూ, ఎన్95 మాస్కూ దుమ్ముని ఆపుతాయి, ఆవిరిని ఆపవు. ఆవిరికి యాక్టివేటెడ్ కార్బన్ క్యాట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి, ఆర్గానిక్ వేపర్ క్యాట్రిడ్జ్ అని అడిగితే సేఫ్టీ సామాను షాపుల్లో ఇస్తారు, ఆ క్యాట్రిడ్జ్ కూడా కొన్నాళ్లకి నిండిపోతుంది, మాస్కులోంచి వాసన తెలిసిందంటే మార్చేయాలి. హెడ్ తుడిచేటప్పుడు చేతులకి గ్లౌజులు తప్పనిసరి, సైక్లోహెక్సనోన్ చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది, గ్లౌజు తడిస్తే వెంటనే మార్చాలి.

రాత్రి ఆ గదిలో పడుకోవడం మాత్రం ఈ రోజు నుంచే మాన్పించండి. పైన చెప్పాను కదా ఆవిరి బరువు, నేల మీదకి దిగుతుంది అని, మనిషి చాప వేసుకుని పడుకునేది సరిగ్గా అక్కడే. మిషన్ ఆపేసినా వేలాడుతున్న ప్రింట్లు రాత్రంతా ఆవిరి వదులుతూనే ఉంటాయి. దోమలని కాయిల్ వెలిగిస్తారు, పొద్దున్నే దేవుడి పటం దగ్గర దీపం, అగరబత్తి, టీకి గ్యాస్ స్టవ్, ఇవన్నీ ఆ గదిలో నిప్పే. పటం బయట కౌంటర్ దగ్గరికి మార్చమనండి, దేవుడేమీ అనుకోడు. ఎకో సాల్వెంట్ (తక్కువ ఘాటు సాల్వెంట్ ఇంకు వాడే) మిషన్ కదా ఏం కాదులే అనేవాళ్లున్నారు, దాని వాసన తక్కువ, ఆవిరి లేదని కాదు.

తలనొప్పి శెలవు రోజున తగ్గి పనిలోకి వెళ్తే మళ్లీ వస్తుంటే అది గది గాలి వల్లే అని అనుమానించాలి. డాక్టర్‌కి చూపించండి, ఏ పని చేస్తారో, ఇంకులో ఏముందో చెప్పండి. ఇంకు కంపెనీ వాడిని సేఫ్టీ డేటా షీట్ అడిగితే ఇవ్వాలి, ఆ కాగితం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఓనర్లకి ఒక మాట. 2015లో గోదావరి పుష్కరాలు జులై 14 నుంచి 25 వరకు, నిండు వానాకాలంలో వచ్చాయి, మళ్లీ 2027లో వస్తున్నాయి, అదీ వానల రోజుల్లోనే. రాజమండ్రి నుంచి నరసాపురం దాకా ప్రతి ఘాట్‌కీ బోర్డులు, ప్రతి రోడ్డుకీ స్వాగతం ఫ్లెక్సీలు, మిషన్లు రాత్రీ పగలూ తిరుగుతాయి, ఆపరేటర్లు మిషన్ పక్కనే పడుకుంటారు. అప్పుడు హడావిడిగా హీటర్లు కొనేకంటే ఇప్పుడే ఎగ్జాస్ట్ కిందికి దించి, ఎదురుగా గాలికి దారి పెట్టి, ఆరబెట్టే పైపులు వేరే గదిలో కట్టించి, ఆపరేటర్‌కి పడుకోవడానికి ఇంకో చోటు చూపించండి.